నోటిమాట మీద గది అద్దె: అడ్వాన్స్ ఇచ్చిన రోజు నుంచి తాళంచెవి తిరిగిచ్చే దాకా

గ్రూప్స్‌కి చదువుకునే రోజుల్లో అశోక్‌నగర్‌లో ఒక డాబా మీది గదిలో ముగ్గురం ఉండేవాళ్లం. గేటుకు కట్టిన టులెట్ బోర్డు చూసి లోపలికెళ్లాం. ఓనర్‌తో మెట్ల దగ్గరే మాట్లాడుకున్నాం. రెండు నెలల అడ్వాన్స్ చేతిలో పెట్టి, ఆ సాయంత్రమే చాపలూ పుస్తకాలూ మోసుకొచ్చేశాం. కాగితం ఊసే రాలేదు. ఏడాదిన్నర తర్వాత ఖాళీ చేస్తుంటే "రంగులకు ఒక నెల, పాత కరెంటు బాకీ ఇంత" అని లెక్క చెప్పి మిగిలింది ఇచ్చారు. ఇదేం లెక్క అని అడగడానికి మా దగ్గర ఒక్క ఆధారం లేదు.

ఇప్పుడు మా ఇంటి పైన రెండు గదులున్నాయి, వాటిని నేనే అద్దెకిస్తున్నాను. మూడు నెలలు అద్దె ఆపేసి ఫోను ఎత్తని కుర్రాడు తగిలినప్పుడు, ఓనర్ల భయం ఎలా ఉంటుందో కూడా తెలిసొచ్చింది. తలుపుకి ఇంకో తాళం వేసేద్దామా అన్న ఆలోచన నాకూ వచ్చింది. వెయ్యకపోవడం ఎంత మంచిదైందో తర్వాత ఒక లాయర్‌తో మాట్లాడాక అర్థమైంది.

రెండు వైపులా నిలబడ్డాక ఒకటి గట్టిగా అనిపిస్తోంది. కాగితం లేనంత మాత్రాన చట్టం లేనట్టు కాదు. మనం మాట్లాడుకోకుండా వదిలేసిన ప్రతిచోటా చట్టం తన షరతులు ముందే పెట్టి ఉంచింది. అవి తెలియకే ఓనర్లు తాళాలు వేస్తున్నారు, పిల్లలు రాత్రికి రాత్రి మూటాముల్లే సర్దుకుని మాయమవుతున్నారు.

ఇది ముఖ్యంగా తెలంగాణను, అందులోనూ హైదరాబాద్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నది. ఆంధ్రప్రదేశ్ 2017లో తనకంటూ వేరే అద్దె చట్టం చేసుకుంది కాబట్టి, కింద రెంట్ కంట్రోల్ గురించి చెప్పిన భాగాన్ని అక్కడివాళ్లు తమకు అన్వయించుకోకండి.

మొదటి పని: మీరు అద్దెదారా, అనుమతి మీద ఉంటున్నారా?

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది ఇది. చాలామంది దీన్ని దాటేసి నేరుగా అడ్వాన్స్ గొడవలోకి దిగుతారు.

ఇంట్లో ఒక పోర్షన్‌గానీ గదిగానీ మీకు పూర్తిగా అప్పగించి, దాని తాళం మీ చేతిలో పెట్టి, ఓనర్ అడక్కుండా లోపలికి రాని పద్ధతి ఉంటే అది అద్దె, అంటే లీజు. దానికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. అలా కాకుండా ఓనర్ కుటుంబం ఉండే ఇంట్లోనే ఒక గదిలో మంచం ఇచ్చి, భోజనం పెట్టి, గది ఊడ్పించి, ఎప్పుడైనా వచ్చిపోతూ, రేపు ఇంకో మంచానికి మారమంటే మారాల్సిన పద్ధతి ఉంటే అది ఉండటానికి ఇచ్చిన అనుమతి మాత్రమే. చట్టం భాషలో దీన్ని లైసెన్స్ అంటారు. అదే 1882లో వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం దీన్ని చూసుకుంటుంది. అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కేపీహెచ్‌బీ హాస్టళ్లలో షేరింగ్ మంచాలు ఎక్కువగా ఈ రెండో కోవలోకే వస్తాయి.

కాగితం మీద ఏ పేరు రాసుకున్నారన్నది ముఖ్యం కాదు. ఢిల్లీలోని ఒక హోటల్‌లో గదుల మీద వచ్చిన తగాదా 1959లో సుప్రీంకోర్టుకు చేరింది. ఆ తీర్పులో జస్టిస్ కోకా సుబ్బారావు ఈ తేడాను సూత్రాలుగా విడమరిచి చెప్పారు. పత్రం పేరు కాదు, దాని సారం చూడాలి. ఇద్దరి ఉద్దేశం ఏమిటో చూడాలి. ఆ చోటు మీద పూర్తి స్వాధీనం ఇచ్చారా లేదా చూడాలి. మన రాజమండ్రిలో పుట్టి, తర్వాత భారత ప్రధాన న్యాయమూర్తి అయిన ఆయన చెప్పిన ఆ మాటలను దేశంలో కోర్టులు ఇప్పటికీ ఉదహరిస్తూనే ఉన్నాయి.

ఈ తేడా వల్ల ఒరిగేదేమిటి? అద్దెదారును పంపాలంటే రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అనుమతి మీద ఉన్నవాళ్ల విషయంలో ఆ అనుమతిని వెనక్కి తీసుకోవచ్చు. అయినా "ఇప్పుడే, ఈ నిమిషమే బయటికి నడువు" అనే హక్కు ఎవరికీ లేదు. సామాను సర్దుకుని వెళ్లడానికి తగినంత సమయం ఇవ్వాలని ఈజ్‌మెంట్ల చట్టం 63వ సెక్షన్ చెబుతుంది. డబ్బు కట్టి ఉంటున్న మనిషిని తన తప్పేమీ లేకుండా, ఒప్పుకున్న గడువుకు ముందే పంపేస్తే పరిహారం అడగొచ్చని 64వ సెక్షన్ అంటుంది. మూడు నెలల ఫీజు ముందే కట్టించుకుని రెండో నెలలో ఖాళీ చేయమన్న హాస్టల్ నుంచి మిగతా డబ్బు అడగడానికి ఆధారం ఇదే.

రెండో పని: పదకొండు నెలల కాగితం గురించి అపోహ వదులుకోవడం

వంద రూపాయల స్టాంపు పేపర్ మీద పదకొండు నెలలకు రాసి, నోటరీ ముద్ర వేయిస్తే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని అందరూ అంటారు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అసలు పాఠం ప్రకారం ఏడాది దాటిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, మిగతా చాలా రాష్ట్రాల్లో ఆ మాట నడుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆ చట్టానికి ఒక సవరణ చేశారు. ఏడాది అన్న హద్దు తీసేసి, స్థిరాస్తి లీజు పత్రాలన్నింటినీ రిజిస్ట్రేషన్ కిందికి తెచ్చారు. దాంతో మన దగ్గర రిజిస్టర్ కాని పదకొండు నెలల పత్రంలోని షరతులను కోర్టులో రుజువుగా నిలబెట్టడం కష్టం. ఎవరు ఏ హోదాలో ఆ ఇంట్లో ఉంటున్నారు లాంటి పక్క విషయాలకే అది పనికొస్తుంది. స్టాంపు తక్కువైతే లోటు సుంకం, జరిమానా కట్టే దాకా దానికీ పనికిరాదు.

విచిత్రంగా కనిపించినా, నోటిమాట అద్దెకు మాత్రం చట్టంలో చోటుంది. ఏడాది దాటని అద్దెను నోటిమాటతో కుదుర్చుకుని స్వాధీనం అప్పగిస్తే చెల్లుతుందని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షన్ చెబుతుంది. గడువు గురించి ఏమీ అనుకోకపోతే నివాసం కోసం ఇచ్చిన గదిని నెలవారీ అద్దెగా లెక్కిస్తారు. ఎవరు ముగించాలనుకున్నా 15 రోజుల నోటీసు ఇవ్వాలి. అది 106వ సెక్షన్. ఇక్కడ "ఎవరు" అన్న మాట గమనించండి. ఓనర్‌కి ఎంత బాధ్యత ఉందో ఉండేవాళ్లకూ అంతే ఉంది. చెప్పకుండా వెళ్లిపోవడం హక్కు కాదు. నెల ముందు చెప్పాలని మీరే అనుకుని ఉంటే, ఆ మాటే 15 రోజుల నియమం కన్నా పైన నిలుస్తుంది.

నా సలహా ఏమిటంటే, పెద్ద పోర్షన్, పెద్ద అడ్వాన్స్ అయితే రిజిస్టర్ చేయించుకోండి. ఒక గది, ఏడాది లోపు మకాం అయితే నోటిమాట మీదే ఉండొచ్చు. కానీ ఆ మాటకు చుట్టూ ఆధారాలు పేర్చుకోండి. ఎలాగో నాలుగో పనిలో చెబుతాను.

మూడో పని: 3,500 పరీక్ష

తెలంగాణలో 1960 నాటి రెంట్ కంట్రోల్ చట్టం ఉంది. అది అందరికీ వర్తిస్తుందని అద్దెదార్లూ, ఎవరికీ వర్తించదని ఓనర్లూ అనుకుంటుంటారు. 2005లో చేసిన సవరణ ప్రకారం, మున్సిపల్ కార్పొరేషన్ల పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటినా, మిగతా చోట్ల 2,000 దాటినా ఆ చట్టం వర్తించదు. కట్టి 15 ఏళ్లు నిండని భవనాలకూ వర్తించదు.

నేటి హైదరాబాద్ అద్దెలు చూస్తే చాలా గదులు ఈ చట్టం బయటే ఉంటాయి. వాటికి పైన చెప్పిన ఆస్తి బదిలీ చట్టం, సివిల్ కోర్టే దారి. కానీ పాత ఇళ్లలో మూడు వేలకు దొరికే గదులు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ ఉండేవాళ్లకు రక్షణ ఎక్కువ. నోటీసు ఒక్కటి ఇచ్చి పంపలేరు. అద్దె కావాలని ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా వేరేవాళ్లకు అద్దెకివ్వడం, ఇరుగుపొరుగుకి ఇబ్బందిగా మారడం, ఓనర్‌కి నిజంగా ఆ ఇల్లు అవసరపడటం లాంటి కారణాలను రెంట్ కంట్రోలర్ (ఈ చట్టం కింద తగాదాలు తేల్చే అధికారి) ముందు రుజువు చేయాలి. ఓనర్ అదే భవనంలో ఉంటూ, కుటుంబం పెరిగి అద్దెకిచ్చిన భాగం కూడా కావాలనుకుంటే దానికి విడిగా వీలుంది. అయితే ఖాళీ చేస్తే అద్దెదారుకు కలిగే కష్టం ఎక్కువా, ఓనర్‌కి కలిగే మేలు ఎక్కువా అన్నది కూడా తూచి చూస్తారు.

నాలుగో పని: అడ్వాన్స్ ఇవ్వకముందే మాట్లాడుకుని, ఆ రాత్రే రాసి పంపుకోవడం

నాకు తెలిసిన గొడవల్లో ఎక్కువ భాగం మూడింటి దగ్గరే మొదలయ్యాయి: కరెంటు, రంగులు, ఖాళీ చేసేముందు ఎన్ని రోజులు చెప్పాలన్నది. అద్దె మీద గొడవ అరుదు, ఎందుకంటే దాని గురించి అందరూ ముందే మాట్లాడతారు.

కరెంటు సంగతి వివరంగా చూద్దాం. ఇంటికి ఒకటే మీటరు, పై గదులకు సబ్‌మీటర్లు ఉంటాయి. మన దగ్గర యూనిట్ ధర వాడకాన్ని బట్టి పెరిగే స్లాబుల్లో ఉంటుంది. విడిగా వాడితే తక్కువ స్లాబులో ఉండే గది, కింది ఇంటి వాడకంతో కలిసి పై స్లాబులోకి వెళుతుంది. ఆ భారం ఎవరు మోయాలి? కొందరు ఓనర్లు యూనిట్‌కి ఇంత అని గుండుగుత్తగా తీసుకుంటారు. అది న్యాయంగా అనిపించదు. నేను పాటించే పద్ధతి చాలా మామూలుది. మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిట్ సగటు ధర వస్తుంది. దాన్ని సబ్‌మీటర్ యూనిట్లతో గుణిస్తాను. బిల్లు 2,400 వచ్చి 300 యూనిట్లు తిరిగితే యూనిట్ 8 రూపాయలు. గదిలో 60 తిరిగితే 480. బిల్లు ఫొటో గ్రూపులో పెడతాను. అంతే, ఆ మాట మళ్లీ రాదు.

ఇంకో చిక్కు ఉంది. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి కింద అర్హత ఉన్న ఇళ్లకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. వాడకం 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. కాబట్టి పైన కొత్తగా ఇద్దరు చేరి గీజర్ పెట్టగానే కింది ఇంటివాళ్ల ఉచితం పోతుంది. ఓనర్ ఒక్కసారిగా "ఫ్యాను కట్టేయండి" అని అరవడం మొదలుపెడితే చాలాసార్లు కారణం ఇదే. అది పైకి చెప్పుకోలేరు. ముందే అడిగి తెలుసుకోండి. వీలుంటే పై భాగానికి వేరే మీటరు పెట్టించుకోమనండి.

రంగుల కోత గురించి చట్టం ఏమంటుందో చాలామందికి తెలియదు. వేరే ఒప్పందం ఏదీ లేనప్పుడు, తీసుకున్న స్థితిలోనే ఇంటిని తిరిగి అప్పగించాల్సిన బాధ్యత అద్దెదారుది. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మాత్రం అందులోంచి మినహాయించాలి. ఇది ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. అంటే ఏళ్లు గడిచి గోడ రంగు వెలిసిపోతే అది అద్దెదారు తప్పు కాదు. గోడకు పోస్టర్లు అతికించి సున్నం ఊడగొడితే, కిటికీ అద్దం పగలగొడితే ఆ ఖర్చు తనదే. "ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఒక నెల అద్దె" అని ముందే ఒప్పుకుని ఉంటే మాత్రం ఆ ఒప్పందమే నిలుస్తుంది. అందుకే మొదటి రోజే అడగాలి.

వీటితో పాటు నీళ్ల సంగతి మరవొద్దు. బోరు ఎండిన వేసవిలో ట్యాంకర్ డబ్బులు ఎవరివి? గేటు రాత్రి ఎన్నింటికి మూస్తారు, ఆలస్యమైతే తాళం ఎవరి దగ్గర? ఊరినుంచి అమ్మానాన్న వచ్చి నాలుగు రోజులుంటే అభ్యంతరమా? మాంసం వండుకోవచ్చా? ఈ చివరిది అడగడానికి ఇబ్బంది పడతారు గానీ, సామాను దించాక తెలియడం కన్నా ముందే తెలియడం నయం. ఓనర్లకూ ఒక మాట. అద్దె కట్టగలరా, ఇల్లు శుభ్రంగా ఉంచుతారా అన్నది అడగండి, కులం అడక్కండి. ఇంటిపేరు అడిగి, ఊరడిగి, చుట్టూ తిప్పి కులం రాబట్టే ఆ సంభాషణ అవతలి మనిషిని ఎంత కుంగదీస్తుందో నేను కళ్లారా చూశాను.

మాట్లాడుకున్నాక ఆ రాత్రే ఒక వాట్సాప్ సందేశం పంపండి. ఇలా ఉంటే చాలు:

"నమస్తే అంకుల్. ఈరోజు మనం అనుకున్నవి గుర్తుకోసం రాస్తున్నాను. రెండో అంతస్తులో రోడ్డు వైపు గది. అద్దె నెలకు 6,500, ప్రతినెలా 5వ తేదీలోపు. అడ్వాన్స్ 13,000 ఈరోజు పంపాను. కరెంటు సబ్‌మీటర్ ప్రకారం, ఈరోజు రీడింగ్ 1482. నీళ్లకు నెలకు 200. ఖాళీ చేయాలంటే ఎవరైనా నెల ముందు చెప్పాలి. తాళం ఇచ్చిన వారంలో బాకీలు పోను అడ్వాన్స్ తిరిగిస్తారు. రంగులకు కోత లేదు. ఏమైనా తేడా ఉంటే చెప్పండి."

అవతలి నుంచి "సరే బాబు" అని వస్తే అది మీ ఆధారం. ఫోను మార్చినప్పుడు ఆ సంభాషణ పోకుండా చూసుకోండి. కోర్టు దాకా వెళితే ఎలక్ట్రానిక్ రుజువుకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కూడా జత చేయాలి, ఆ పని లాయర్ చూసుకుంటారు.

అడ్వాన్స్ ఎంత ఉండాలి? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకు రెండు నెలల అద్దెకు మించొద్దంటుంది. గదిలోకి రావాలంటే ఓనర్ 24 గంటల ముందు చెప్పాలని కూడా అంటుంది. అది నమూనా మాత్రమే, ఏ రాష్ట్రమైనా తాను చట్టం చేసుకుంటేనే అక్కడ కట్టుబాటు అవుతుంది. అయినా ఈ రెండు కొలతలనూ మన మాటల్లో పెట్టుకోవడానికి అడ్డేమీ లేదు. మా గదులకు నేను అవే పెట్టుకున్నాను.

ఐదో పని: చేరిన రోజు

అడ్వాన్స్ యూపీఐలో పంపండి, వివరం దగ్గర "గది అడ్వాన్స్" అని రాయండి. నగదైతే రసీదు అడగండి. 5,000 దాటిన నగదు రసీదు మీద రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించాలి. గది నాలుగు మూలలూ, బాత్రూం కుళాయిలు, కిటికీలు, సబ్‌మీటర్ రీడింగ్ వీడియో తీసి ఇద్దరి ఫోన్లలో ఉంచుకోండి. ఐదు నిమిషాల పని.

ఓనర్లు గుర్తింపు కార్డు నకలు తీసుకోవాలి. ఆధార్ అయితే మొదటి అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, అది చాలు. అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎప్పుడూ అట్టిపెట్టుకోకండి. అద్దెదారు వివరాలు స్థానిక పోలీస్ స్టేషన్‌లో ఇవ్వడం మంచిది. కమిషనర్ అలా ఆదేశించిన చోట ఇవ్వకపోతే కేసు మీ మీదికే వస్తుంది. విదేశీ విద్యార్థికి గది ఇస్తే 24 గంటల్లో ఆ వివరాలు ప్రభుత్వానికి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఒక్క గదే అయినా ఇది తప్పదు.

పన్ను భయంతో కాగితం వద్దనే ఓనర్లకు ఒక మాట. అద్దె ఆదాయంలో 30 శాతం మరమ్మతుల కింద చట్టమే మినహాయిస్తుంది. ఇంట్లో ఒకటి రెండు గదుల మీద వచ్చేదానికి చాలామందికి పన్నే పడదు. ఉద్యోగం చేసే అద్దెదారు ఏడాదికి లక్ష దాటిన అద్దెకు హెచ్‌ఆర్‌ఏ (జీతంలోని ఇంటి అద్దె భత్యం) మినహాయింపు చూపించుకోవాలంటే మీ పాన్ నంబరు కావాలి, ఇవ్వననడం వల్ల గొడవే మిగులుతుంది.

ఆరో పని: ఉంటున్నన్నాళ్లూ

అద్దె కడుతున్నంత కాలం ఆ గదిని ప్రశాంతంగా అనుభవించడం అద్దెదారు హక్కు. ఇంటి పరిస్థితి చూడటానికి తగిన వేళల్లో రావడం ఓనర్ హక్కు. రెండూ 108వ సెక్షన్‌లోనే ఉన్నాయి. నకిలీ తాళంచెవితో, మనిషి లేనప్పుడు గదిలోకెళ్లి సామాను తిరగేయడం మాత్రం ఏ హక్కు కిందికీ రాదు. అమ్మాయిలున్న గదుల విషయంలో ఇది మరీ పెద్ద విషయం. చేరిన రోజే తాళం మార్చుకోమని ఓనరే చెబితే ఎంత నమ్మకం కలుగుతుందో చూడండి.

మరమ్మతుల్లో ఓనర్ చేయాల్సినవి ఏవో ముందే అనుకోవాలి. అలా ఒప్పుకున్న మరమ్మతును చెప్పాక కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకోవచ్చు. కానీ చెప్పినట్టు రాతలో ఉండాలి, బిల్లు ఉండాలి. చెప్పకుండా కోసుకుంటే అది బాకీ కిందే మిగులుతుంది.

అద్దె పెంపు అనుకున్న ప్రకారమే జరగాలి. వచ్చే నెల నుంచి వెయ్యి ఎక్కువ అని ఓనర్ ఒక్కరే నిర్ణయిస్తే అది ఒప్పందం కాదు. అలాగని పాత అద్దెకే ఎప్పటికీ ఉండిపోవచ్చని కూడా కాదు. రెంట్ కంట్రోల్ వర్తించని గదిలో ఓనర్ 15 రోజుల నోటీసు ఇచ్చి అద్దెను ముగించుకోవచ్చు.

ఓనర్ పంతానికి పోయి అద్దె తీసుకోవడమే మానేస్తే? "బాకీ పెట్టాడు" అని చూపించడానికి కొందరు ఇలా చేస్తారు. రెంట్ కంట్రోల్ కిందికి వచ్చే ఇంటికి దారి స్పష్టంగా ఉంది. ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని రాతపూర్వకంగా అడగాలి. చెప్పకపోతే మనియార్డర్ పంపాలి. అదీ తిప్పికొడితే రెంట్ కంట్రోలర్ దగ్గర జమ చేయాలి. మిగతా ఇళ్లలో కూడా ప్రతినెలా బ్యాంకు ద్వారా పంపే ప్రయత్నం ఆపకండి. తిరిగొచ్చిన ప్రతి చెల్లింపూ మీ నిజాయితీకి రుజువు.

ఇక రూమ్‌మేట్ల సంగతి. ఒకరు ఫ్లాటు తీసుకుని, అద్దె భారం తగ్గడానికి ఇంకో ఇద్దరిని చేర్చుకుంటారు. ఆ ఇద్దరికీ ఓనర్‌తో ఏ సంబంధమూ ఉండదు. వాళ్ల డబ్బు మొదటి మనిషికి వెళుతుంది, అడ్వాన్స్ కూడా అతని దగ్గరే ఉంటుంది. అతను ఉద్యోగం మారి బెంగళూరు వెళ్లిపోతే వీళ్లు గాలిలో ఉంటారు. రెంట్ కంట్రోల్ ఉన్న ఇంట్లో ఓనర్ రాతపూర్వక అనుమతి లేకుండా ఇలా చేర్చుకోవడం మొత్తం అందరినీ ఖాళీ చేయించడానికి కారణమవుతుంది. కొత్తగా చేరేవాళ్లు కనీసం ఓనర్‌కి ఒక్క మెసేజ్ పెట్టించుకోండి: ఫలానా వాళ్లు ఫలానా తేదీ నుంచి ఉంటున్నారు, అడ్వాన్స్‌లో వాళ్ల వాటా ఇంత అని.

ఏడో పని: ఖాళీ చేయించాల్సి వస్తే

ఓనర్‌గా నేను నేర్చుకున్న పెద్ద పాఠం ఇదే. బాకీ ఎంతున్నా సరే, తాళం వేయడం, నీళ్లూ కరెంటూ ఆపడం, సామాను బయట పడేయడం, సర్టిఫికెట్లు పట్టుకోవడం మన చేతిలో లేవు. సామాను జప్తు చేసే అధికారం కోర్టుకే ఉంది. చట్టప్రకారం కాకుండా బలవంతంగా బయటికి నెట్టేసిన వ్యక్తి, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి పొందొచ్చు. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎలా నెట్టేశారన్నదే చూస్తారు. దారి అడ్డగించడం, బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 126, 351 సెక్షన్ల కింద నేరాలు కూడా.

ఓనర్ చేయాల్సింది ఇది. ముందు కూర్చుని మాట్లాడండి, బాకీ అడ్వాన్స్‌లో సర్దుకుని వెళ్లిపోయే అవకాశం ఇవ్వండి. సగం కేసులు అక్కడే తేలిపోతాయి. కాకపోతే నోటీసు రాయండి. తేదీ, గది గుర్తులు, "ఈ నోటీసు అందిన నాటి నుంచి 15 రోజులు గడిచాక మీ నెలవారీ అద్దె ముగుస్తుంది, గది ఖాళీ చేసి అప్పగించండి" అన్న వాక్యం, ఎన్ని నెలల బాకీ ఎంత, మీ సంతకం. నెల ముందు చెప్పాలని అనుకుని ఉంటే 15 రోజుల బదులు నెల అని రాయండి. పోస్టులో అందినట్టు రుజువు ఉండేలా పంపండి, లేదా చేతికే ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోండి. తీసుకోకపోతే తలుపు మీద కనబడేలా అంటించి ఫొటో తీయండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి గానీ, దానితోనే సరిపెట్టకండి. నోటీసు గడువు తీరాక మామూలుగా అద్దె తీసుకుంటే నోటీసును మీరే వదులుకున్నారనే వాదన వస్తుంది. డబ్బు తీసుకోక తప్పకపోతే, అది అద్దె కాదు, గడువు దాటి ఉన్నందుకు పరిహారం అని రసీదులో రాయండి. అప్పటికీ కదలకపోతే సివిల్ కోర్టులో దావా వేయాలి. సమయం పడుతుంది, నిజమే. దగ్గరిదారి అని తాళం వేస్తే అంతకన్నా ఎక్కువ పడుతుంది.

పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందన్న భయంతో ప్రతి పదకొండు నెలలకూ మనుషుల్ని మార్చే ఓనర్లున్నారు. అద్దెకో, అనుమతి మీదో ఉన్న మనిషి ఎన్నేళ్లున్నా ఆ ఉండటం ఓనర్‌కి వ్యతిరేకమైన స్వాధీనం కాదు. అద్దెదారుగా ఉన్నంతకాలం, తాను చేరేనాటికి ఓనర్‌కి ఆ ఇంటి మీద హక్కు లేదని వాదించడానికి సాక్ష్య చట్టం ఒప్పుకోదు. నెలనెలా అద్దె వచ్చినట్టు ఆధారం ఉంటే ఆ భయం అక్కర్లేదు. రసీదులు ఓనర్‌కే ఎంత మేలు చేస్తాయో చూశారా.

ఉండేవాళ్ల వైపు నుంచి: తిరిగొచ్చేసరికి తాళం వేసి ఉంటే, పగలగొట్టకండి. వీడియో తీయండి, 112కి ఫోన్ చేయండి, స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. "ఇది సివిల్ మ్యాటర్, కోర్టుకెళ్లండి" అనొచ్చు. స్వాధీనం సంగతి సివిలే, కానీ అడ్డగించడం, బెదిరించడం కాదు. ఆ మాట ఫిర్యాదులో స్పష్టంగా రాయండి. ఇల్లు అమ్మేశారని చెప్పి వెంటనే వెళ్లమన్నా కంగారు పడకండి. కొన్నవాళ్లు పాత ఓనర్ స్థానంలోకి వస్తారు, మీ అద్దె అలాగే కొనసాగుతుంది. అడ్వాన్స్ ఎవరి దగ్గర ఉందో మాత్రం వాళ్లిద్దరి చేతా ఆ రోజే రాయించుకోండి.

ఎనిమిదో పని: తాళంచెవి రోజు

ఇద్దరూ గదిలో నిలబడి, చేరిన రోజు తీసిన వీడియో పక్కన పెట్టుకుని చూడండి. మీటరు రీడింగ్ రాయండి. కోత ఏదైనా ఉంటే దేనికెంత అని విడివిడిగా రాయండి, ప్లంబర్ బిల్లు ఉంటే ఫొటో జతచేయండి. డబ్బు అదే రోజు కుదరకపోతే తేదీ చెప్పండి. అడ్వాన్స్‌ను చివరి నెలల అద్దెకు సర్దుకుంటానని అద్దెదారు తనంతట తాను అనేసుకోవడం కూడా సరికాదు. ఓనర్ ఒప్పుకుంటేనే అది సర్దుబాటు అవుతుంది.

అడ్వాన్స్ రాకపోతే మొదట లెక్క అడుగుతూ ఒక ఉత్తరం రాయండి. ఆ తర్వాత జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. 15100 నంబరుకు ఫోన్ చేసినా దారి చెబుతారు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయర్‌ను ఇస్తారు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టించుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. అక్కడ రాజీ కుదిరితే అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఓనర్లు కూడా అద్దె బాకీ కోసం ఇదే తలుపు తట్టొచ్చు. బాకీ అద్దెకు దావా వేయాలన్నా, అడ్వాన్స్ కోసం వేయాలన్నా డబ్బు రావాల్సిన రోజు నుంచి మూడేళ్లలోపే వేయాలి. కాబట్టి తాళంచెవి చేతులు మారిన క్షణాన "ఈరోజు సాయంత్రం 5 గంటలకు గది తాళం అందింది" అని ఒక్క మెసేజ్ పెట్టించుకుని బయల్దేరండి. అడ్వాన్స్ ఏ రోజుకి రావాలన్న లెక్కకు ఆ తేదీయే ఆధారం.